ఒక్క ప్రతి వుంటే లేనట్టే

మా అమ్మకి ఎనభై రెండు నిండాయి. నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ ఆవిడ నోరు తెరిచి ఫలానాది కావాలని అడగ్గా నేను వినలేదు. అటువంటి మనిషి మొన్న భోగినాడు మధ్యాహ్నం, నడవలో మడతకుర్చీలో కూచుని, "ఒరే అబ్బాయ్, 'మిస్సమ్మ' ఓమాటు వేస్తావుట్రా?" అంది.

"దానికేం భాగ్యం!" అన్నాను.

అనడానికేం, అనేశాను. ఆ మాట చెల్లించుకోడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల భాగోతమే ఈ వారం మీకు మనవి చేసుకుంటున్నాను.

మొదటి అడ్డంకి మా డివిడి ప్లేయరు. మీట నొక్కితే దీపం వెలుగుతుంది, లోపల ఏదో గొణుగుతుంది, నోరు మటుకు తెరవదు. మూగనోము పట్టిన కోడల్లాగా బిగదీసుకుని కూచుంది. పండగ హడావిడిలోనే దాన్ని సంచీలో వేసుకుని ఏలూరు వెళ్ళాను. మరమ్మతు చేసే కుర్రవాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, తాతగారి గడియారాన్ని చూసినట్టు చూసి, "దీని సామాను ఇప్పుడెక్కడా దొరకదు సార్. ఇంకా వాడుతున్నారా?" అన్నాడు. ఆ 'ఇంకా' అనే మాట నన్ననుకున్నాడో, యంత్రాన్ననుకున్నాడో తెలియలేదు.

రెండో అడ్డంకి డిస్కులు. నాకు వున్న వ్యసనం ఒకటే. పాత సినిమాల డిస్కులు కొనడం. ఏలూరు వెళ్ళినప్పుడొకటి, బెజవాడ వెళ్ళినప్పుడు రెండు, అలా కొన్నవి ట్రంకుపెట్టె నిండా వున్నాయి. అందులో కొన్ని వీసీడీలు. అవి ఒక్కొక్కటీ గంటా పావు ఆటకి మించి పట్టవు గనక మన సినిమా ఒకటి రెండేసి, మూడేసి ముక్కలుగా వుంటుంది. మిగిలినవి డివిడిలు. పెట్టె మూత తీసేసరికి గుప్పున బూజు వాసన కొట్టింది.

మాది పెదపాడు. ఏలూరికి ఇటు పక్క మేమూ, మాకు దిగువన కొల్లేరూ. ఆ చెరువు మా గుమ్మంలోకి రాకపోయినా దాని చెమ్మ మా గోడల్లోకి వస్తుంది. వానాకాలంలో మా ఇంట్లో ఉప్పు కరుగుతుంది, అగ్గిపుల్ల మెత్తబడుతుంది, పుస్తకాల అట్టలు విల్లుల్లాగా వంగుతాయి. డిస్కు నున్నగా అద్దంలాగా వుంటుంది గదా, దానికేమవుతుందిలే అనుకున్నాను. తప్పు. ఆ ప్లాస్టిక్కు బిళ్ళ లోపల పల్చని లోహపు పూత వుంటుంది. మనం చూసే బొమ్మంతా దానిమీద పడ్డ వెలుగు తిరిగి రావడంలోనే వుంది. అంచున ఎక్కడో గాలీ చెమ్మా దూరితే ఆ పూత చిలుము పట్టినట్టు చెడిపోతుంది. అక్కడితో ఆ సినిమాకి శుభం కార్డు, కథ సగంలో వున్నా సరే.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఇన్నాళ్ళూ పెట్టె నిండా సినిమాలున్నాయని మురిశారు. పెట్టె నిండా పళ్ళేలున్నాయన్న మాట!" అంది. బదులు చెప్పలేకపోయాను.

ఆ సమయంలో ఆపద్బాంధవుడిలాగా మా మేనల్లుడు దిగాడు. తాడేపల్లిగూడెంలో మా చెల్లెలి కొడుకు. కంప్యూటర్ల చదువు చదివాడు. ఏటా పండక్కి అమ్మమ్మని చూడ్డానికి వస్తాడు. సంగతంతా విని, "ఇంత శ్రమ ఎందుకు మావయ్యా, 'మిస్సమ్మ' యూట్యూబులో వుంది కదా," అన్నాడు.

"వుంది. ఈ వేళ వుంది. రేపుంటుందని హామీ ఎవరిస్తారు? నెలనెలా డబ్బు కట్టే యాప్‌లలో కూడా కిందటి నెల చూసిన సినిమా ఈ నెల మాయమవుతోంది. వాళ్ళ ఒప్పందం గడువు తీరిందిట. అదీగాక మేరీ కంట తడి పెట్టబోయేసరికి మధ్యలో సబ్బు ప్రకటన వస్తే మీ అమ్మమ్మ వూరుకుంటుందనుకున్నావా?"

వాడు నవ్వి, "అయితే కొన్నవాటినే దక్కించుకుందాం. ఒకటొకటిగా హార్డ్ డిస్కులోకి ఎక్కించేస్తే సరి. ఒక టెరాబైటు డిస్కులో మామూలు డివిడిలు రెండు వందల పైన పడతాయి," అన్నాడు. వెంటనే పనిలోకి దిగాడు.

వాడి దగ్గర నేర్చుకున్న కిటుకు ఒకటి మీకూ చెబుతాను. డిస్కు తుడిచేటప్పుడు మనం కంచం తుడిచినట్టు గుండ్రంగా తుడుస్తాం. అలా చేయకూడదుట. రాత అంతా గుండ్రంగా చుట్టలు చుట్టుకుని వుంటుంది గనక, గుండ్రటి గీత పడితే వరసగా ఒకచోటి సరుకంతా పోతుంది. మధ్యనుంచి అంచువైపుకి తిన్నగా, మెత్తటి గుడ్డతో తుడవాలి. అడ్డంగీత పడినా యంత్రం సర్దుకుని దాటిపోగలదు. ఈ ఒక్క ఉపాయంతో చచ్చిపోయాయనుకున్న డిస్కులు పదకొండు లేచి కూచున్నాయి. 'మిస్సమ్మ' అందులో ఒకటి.

ఇక టీవీలో వేయడమే తరువాయి అనుకున్నాం. టీవీ వెనకాల బెజ్జంలో హార్డ్ డిస్కు తీగ గుచ్చాం. అసలు కథ అక్కడ మొదలయింది.

డివిడిలో సినిమా అంతా ఒక్క ముద్దగా వుండదు. గిగాబైటుకి మించని ముక్కలుగా కోసి వుంటుంది. డివిడి ప్లేయరుకి ఆ ముక్కల్ని కలుపుకుంటూ పోవడం తెలుసు. టీవీకి తెలియదు. మొదటి ముక్క అవగానే నల్లటి తెర. రెండో ముక్క మనం వెతికి వేయాలి. మా ఆవిడ పకోడీల పళ్ళెం తెచ్చేసరికి ఎన్.టి. రామారావు నోరు తెరిచి ఆగిపోయి వున్నాడు.

మేనల్లుడు మళ్ళీ కంప్యూటరు ముందు కూచుని ముక్కలన్నీ ఒక్కటిగా అతికించాడు. అలా అతికించి పెట్టే డబ్బాకి మట్రోస్కా అని పేరుట. నాలుగు గిన్నెల కేరేజీ లాంటిదని నాకు బోధపరిచాడు. ఒక గిన్నెలో బొమ్మ, ఇంకోదాంట్లో శబ్దం, మూడోదాంట్లో కింద పడే అక్షరాలు, అన్నీ ఒక్క పిడికి తగిలించి వుంటాయి. వంట మార్చడు, గిన్నెలు మాత్రమే సర్దుతాడు. అంచేత బొమ్మ నాణ్యం వీసమెత్తు తగ్గదు. బాగానే వుంది. తీరా ఆ కేరేజీని డిస్కులోకి ఎక్కించబోతే, "నాలుగు గిగాబైట్లకి మించిన వస్తువు నాలో పట్టదు" పొమ్మంది. డిస్కులో తొంభై శాతం ఖాళీ! ఇదేం విడ్డూరం అంటే, ఆ డిస్కుకి వేసిన అరల పద్ధతి పాతదిట. ఫ్యాట్ థర్టీటూ అంటారు. ఇల్లంతా ఖాళీయే గాని గుమ్మం ఇరుకు. కొత్త పద్ధతిలో అరలు వేస్తే డిస్కు ఒప్పుకుంది. మా టీవీ ససేమిరా ఒప్పుకోలేదు. ఆ డిస్కు ముఖం తనెప్పుడూ చూడలేదంది.

ఎలాగో దానికీ ఒక దారి చూసి, బొమ్మ వేశాం. బొమ్మ వచ్చింది, మాట రాలేదు. శబ్దాన్ని మూటగట్టిన తీరు మా టీవీకి చదవడం రాదుట. మా అమ్మ కాసేపు చూసి, "ఇదేమిట్రా, మూకీయా?" అంది.

చివరికి మేనల్లుడు, "వీటన్నిటికీ మందు ఒకటుంది," అని మీడియా ప్లేయరనే చిన్న పెట్టె తెప్పించాడు. నాలుగు అగ్గిపెట్టెలు పేర్చినంత వుంది. టీవీకి దానికీ నడుమ హెచ్‌డిఎంఐ తీగ. దాని రెండో పక్క హార్డ్ డిస్కు. చదవడం, విప్పడం, కలపడం అన్నీ ఆ పెట్టె చేసుకుని, వండిన అన్నం వడ్డించినట్టు టీవీకి అందిస్తుంది. టీవీ చేయవలసిందల్లా చూపించడమే. ఆ పెట్టెలో నడిచే ప్రోగ్రాము పేరు విఎల్‌సి. రోడ్డు మరమ్మతు దగ్గర పెట్టే నారింజరంగు బుడ్డి టోపీ దాని గుర్తు. 1996లో పారిస్‌లో ఒక ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు తమ హాస్టలు గదుల్లో టీవీ చూసుకోడానికి మొదలుపెట్టిన పని అది. 2001 నుంచి లోకమంతటికీ ఉచితం చేసేశారు. వారి పుణ్యాన పెదపాడులో మా అమ్మకి 'మిస్సమ్మ' మాట్లాడింది.

మాట్లాడింది గాని, మనుషులంతా లావెక్కిపోయారు. రేలంగి సంగతి సరే, రమణారెడ్డి కూడా బొద్దుగా, బుగ్గలతో కనిపించేసరికి నాకు గుండె ఝల్లుమంది. ఎముకల గూడులాంటి ఆ మనిషికి ఒళ్ళు రావడం ప్రకృతి విరుద్ధం గదా! కారణం ఇదీ: ఆ రోజుల్లో సినిమా బొమ్మ ఇంచుమించు చదరంగా, నాలుగుకి మూడు పాళ్ళలో వుండేది. ఇప్పటి టీవీ పదహారుకి తొమ్మిది. ఖాళీ ఎందుకు వుంచాలని టీవీ బొమ్మని అటూ ఇటూ సాగదీస్తుంది. ఒక మీట మారిస్తే రెండు పక్కలా నల్లటి పట్టీలు పడ్డాయి, రమణారెడ్డి మళ్ళీ రమణారెడ్డి అయ్యాడు. ఆ నల్లపట్టీలు చూసి తెర వృథా అయిందనుకునేవారు చాలామంది వున్నారు. వారికి నా మనవి: ఆ పట్టీలు వుంటేనే మార్కస్ బార్ట్‌లీ తీసిన బొమ్మ తీసినట్టు కనపడుతుంది.

పదకొండో రోజు రాత్రి మా ఇంట్లో 'మిస్సమ్మ' పూర్తి ఆట. 1955లో ఆ సినిమా వచ్చినప్పుడు మా అమ్మ పన్నెండేళ్ళ పిల్ల. రెండెడ్ల బండిలో ఏలూరు వెళ్ళి చూశారుట. "బండిలో గడ్డి వేసి, పైన దుప్పటి పరిచి మమ్మల్ని కూచోబెట్టారు. తిరిగి వచ్చేసరికి కోడి కూసింది," అంది. బొమ్మ నడుస్తూంటే మాటలు ముందే అందిస్తోంది. తరువాత మేనల్లుడితో, "ఇది తీసినాయన మనవైపు మనిషేరా!" అంది.

నిజమే. ఎల్.వి. ప్రసాద్ 1908లో ఏలూరు పక్కన సోమవరప్పాడులో పుట్టాడు. చదువబ్బక, సినిమా పిచ్చితో ఎవరికీ చెప్పకుండా బొంబాయి వెళ్ళిపోయాడు. అక్కడ ఆయనకి పట్టిన అదృష్టం ఎవరికీ పట్టలేదు. 1931లో వచ్చిన మన దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా'లో చిన్న వేషం. అదే ఏడు వచ్చిన తొలి తమిళ టాకీ 'కాళిదాస్'లో ఒక వేషం. 1932లో హెచ్.ఎం. రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో మరొకటి. మూడు భాషల తొలి టాకీల్లోనూ మా సోమవరప్పాడు కుర్రవాడున్నాడు. తరువాత 'షావుకారు', 'పెళ్ళి చేసి చూడు', 'మిస్సమ్మ', 'అప్పుచేసి పప్పుకూడు' తీశాడు. 1982 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నాడు.

మేనల్లుడికి హుషారొచ్చింది. "ఆ మూడూ సంపాదిద్దాం మావయ్యా. ఇదే డిస్కులో వేసేస్తాను. అమ్మమ్మకి చూపిద్దాం," అన్నాడు.

"ఎక్కడినుంచి సంపాదిస్తావురా? మూడింటిలో ఒక్కదానికీ ప్రతి లేదు," అన్నాను.

వాడు నమ్మలేదు. ఫోనులో గంటసేపు వెతికాడు. పోస్టర్లున్నాయి, పేర్లున్నాయి, పాటల పుస్తకాలున్నాయి. సినిమా లేదు. ఆ రోజుల ఫిలిం నైట్రేటుది. నిప్పురవ్వ సోకితే భగ్గున లేస్తుంది. ఏమీ సోకకపోయినా కాలం గడిస్తే తనంతట తను జిగురై, పొడై రాలిపోతుంది. దానిమీద పూతలో వెండి వుంటుంది. ఆడి పాతబడ్డ రీళ్ళని ఆ వెండి కోసం అమ్మేసిన వాళ్ళు దేశమంతటా వున్నారు. పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారం 1964లో గాని పుట్టలేదు. అప్పటికి ఈ మూడు సినిమాలకీ ముప్ఫై రెండు, ముప్ఫై మూడేళ్ళు. భాండాగారంలో చేరినవాటికైనా అభయం లేకపోయింది. 2003 జనవరిలో అక్కడే నిప్పంటుకుని నైట్రేటు రీళ్ళు ఎన్నో బూడిదయ్యాయి.

ప్రతి లేకపోతే ఏమవుతుందో చూడండి. 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరులో వచ్చిందని మనం దశాబ్దాల తరబడి పండగలు చేసుకున్నాం. తరువాత పాత పత్రికలు తిరగేసినవారు, అది 1932 ఫిబ్రవరి 6న విడుదలయిందని తేల్చారు. సినిమా పోవడమే కాదు, పుట్టినరోజు కూడా తారుమారయింది. అందులో లీలావతి వేషం సురభి కమలాబాయిది. తెలుగు వెండితెరమీద మాట్లాడిన మొట్టమొదటి నాయిక ఆవిడ. ఆ సినిమాలో ఆవిడ గొంతు ఎలా వుందో మీకూ తెలియదు, నాకూ తెలియదు, ఇక ముందు పుట్టేవాళ్ళకీ తెలియదు.

మనవాళ్ళకి ఈ బాధ కొత్తది కాదు. పోతన భాగవతంలో కొన్ని స్కంధాలు ఆయనవి కావని మీకు తెలుసు. రాజుగారికి కోపం వచ్చి భూమిలో పాతించాడనీ, తీసేసరికి చెదలు తినేశాయనీ ఐతిహ్యం. నిజమెంతో గాని, పోయినచోట గంగనా, సింగనా, నారయా పూరించవలసి వచ్చింది. అదే తాటాకుల కాలంలో ఎవరింట్లో మంచి గ్రంథం వున్నా పక్కవూరివాడు వచ్చి అరుగుమీద కూచుని గంటంతో నకలు తీసుకు వెళ్ళేవాడు. అలా తీసిన ప్రతులే మిగిలాయి. కడపలో బ్రౌను దొరగారు పండితులకి జీతాలిచ్చి చేయించిందీ ఆ పనే; ఊరూరా ప్రతులు సేకరించి, పోల్చి, శుద్ధప్రతులు రాయించడం. ఇప్పుడు మా మేనల్లుడు కంప్యూటరు ముందు కూచుని చేసేది చూస్తే నాకు ఆ అరుగుమీది గంటమే గుర్తొచ్చింది. గంటానికి బదులు మీట, తాటాకుకి బదులు డిస్కు.

ఇంత జ్ఞానం వుండీ, మర్నాడు మేనల్లుడు, "మావయ్యా, ఇలాంటి డిస్కే ఇంకోటి కొనాలి," అంటే నాకు ఒళ్ళు మండింది.

"ఇదెందుకు కొన్నాం మరి? ప్రతి తీయడానికే గదా! ప్రతికి మళ్ళీ ప్రతి ఏమిటి? దండగ," అన్నాను.

"హార్డ్ డిస్కు లోపల చక్రం గిర్రున తిరుగుతుంది మావయ్యా, దాని మీద వెంట్రుకవాసి ఎడంలో సూది ఆడుతుంది. బల్లమీదనుంచి ఒక్కసారి జారిపడితే చాలు. అప్పుడు మొత్తం రెండు వందల సినిమాలూ ఒక్కసారే పోతాయి. ట్రంకుపెట్టెలో వున్నప్పుడైనా ఒకటొకటిగా పోయేవి."

"పడనివ్వం," అన్నాను.

వాడు మాట్లాడలేదు. పెట్టె అడుగున మిగిలిన డిస్కులు తీస్తున్నాడు. అట్టడుగున చేతిరాతతో ఒకటి కనిపించింది. '1989 పెళ్ళి' అని నా రాత.

అది మా చెల్లెలి పెళ్ళి. అంటే ఈ మేనల్లుడి తల్లిదండ్రుల పెళ్ళి. మాకు వూళ్ళో తెలిసినవాళ్ళలో మొట్టమొదట వీడియో తీయించింది మేమే. ఆ క్యాసెట్టు అరిగిపోతోందని 2008లో ఏలూరులో డివిడిలోకి మార్పించాను. మార్పించాం గదా, ఇక భయమేమిటని క్యాసెట్టుని అటకమీద పారేశాను. కొల్లేటి చెమ్మ దాని పని అది చేసింది. టేపు మీద తెల్లటి బూజు, చుట్టలన్నీ అంటుకుపోయాయి. డివిడిని నేను మటుకు అందరికీ కనపడేలా కిటికీ పక్క అరలో చాలాకాలం వుంచాను. కొన్న సినిమా డిస్కులాగా కాదుట అది. ఇంట్లో, దుకాణంలో రాసే డిస్కుకి లోపల రంగుపూత వుంటుంది, రాత ఆ రంగులోనే వుంటుంది. ఎండ తగిలితే చీర వెలిసినట్టు అదీ వెలిసిపోతుంది.

మేనల్లుడు డిస్కు పెట్టాడు. పందిరి కనిపించింది, సన్నాయి వినిపించింది, మంగళస్నానాలయ్యాయి. విడిదినుంచి మొగపెళ్ళివారు వస్తున్నారు. బొమ్మ గళ్ళుగళ్ళుగా చెదిరి ఆగిపోయింది. మళ్ళీ పెట్టాడు, తుడిచి పెట్టాడు, వేరే కంప్యూటరులో పెట్టాడు. ప్రతిసారీ అక్కడే ఆగింది.

నాకు ఆ తరువాత ఏముందో తెలుసు. భోజనాల పందిట్లో మా నాన్నగారున్నారు. ఆయన 1997లో పోయారు. ఫొటోలు నాలుగైదు వున్నాయి. గొంతు మాత్రం ఆ పెళ్ళి వీడియోలో తప్ప ఎక్కడా లేదు. మేనల్లుడు తాతగారి గొంతు ఎన్నడూ వినలేదు. నేను విని ఎన్నాళ్ళయిందో! తలుచుకుని చూస్తే మాటలు గుర్తొస్తున్నాయి గాని, గొంతు రావడం లేదు. కమలాబాయి గొంతు పోయిందని రాత్రి లోకానికి ఉపన్యాసం ఇచ్చిన పెద్దమనిషిని నేనే. వంటింట్లో మా ఆవిడ గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది. అమ్మ ఏమీ అనలేదు.

కాసేపటికి మా ఆవిడే, "అప్పుడు మీరు రెండు డిస్కులు చేయించలేదూ? ఒకటి ఆడపడుచుగారికి ఇచ్చినట్టు గుర్తు," అంది.

చెల్లెలికి ఫోను చేశాను. వాళ్ళింట్లో ఆ డిస్కు వేసి చూసిన పాపాన ఎవరూ పోలేదుట. పెళ్ళిచీరతోపాటు గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేసిందిట. రెండు డిస్కులూ ఒకే దుకాణంలో, ఒకే రోజున చేయించినవి. నాది ముచ్చటపడి వెలుగులో పెట్టి చంపుకున్నాను. దానిది చీకట్లో, పొడిగా, చీరమడతలో పడివుంది. మేనల్లుడు ఆ సాయంత్రమే బస్సెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళాడు. రాత్రి పదింటికి ఫోను చేసి, "మొదటినుంచి చివరిదాకా వచ్చింది మావయ్యా," అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "తాతగారు నీలాగే మాట్లాడతారు," అన్నాడు.

మర్నాడు రెండో హార్డ్ డిస్కు కొన్నాను. ఎంతయిందని అడక్కండి.

ఈ పని చేయదలచుకున్నవారికి నాకు తెలిసినంత చెబుతాను. మూడు ప్రతులుండాలి. అవి రెండు రకాల వస్తువుల మీద వుండాలి. అందులో ఒకటి ఇంకో ఇంట్లో వుండాలి. మన ఇంటికి వచ్చిన వరదా, నిప్పూ, దొంగా పక్కవూరికి వెళ్ళరు గదా. డిస్కుని టీవీ దగ్గర పనిలో వుండగా పెరికేయకండి, ఆపి తీయండి. ఆరేసి నెలలకోమారు పెట్టి చూడండి; చూడని ప్రతి వుందో లేదో తెలియదు. కొన్ని ఏళ్ళకోసారి కొత్త డిస్కులోకి మార్చండి. తాటాకులకి పసుపు రాసినట్టే ఇదీను.

ఒక చట్టం మాట. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. 'మాయాబజార్' వచ్చిన ఏడే. సినిమాకి హక్కు, విడుదలయిన మరుసటి సంవత్సరం మొదలుకుని అరవై ఏళ్ళు. అంచేత 'మాయాబజార్' సినిమాకి 2017తో గడువు తీరింది. అయితే సినిమా వేరు, అందులోని పాటల సాహిత్యానికీ సంగీతానికీ లెక్కలు వేరే వుంటాయి. గడువు తీరనివాటి విషయంలో, స్వంత వినియోగానికి న్యాయంగా వాడుకుంటే చట్టం తప్పుపట్టదు. నకళ్ళు తీసి అమ్మితే నేరం. కొన్న సినిమాని కాపాడుకోడానికీ, కొనని సినిమాని కాజేయడానికీ తేడా మన మనసుకి ముందే తెలుసు.

ఇంకో ముచ్చట. ఆ సోమవరప్పాడు కుర్రవాడు నటించిన మూడు తొలి టాకీలూ పోయాయి గాని, ఆయన పెట్టిన ప్రసాద్ సంస్థ పాత సినిమాల రీళ్ళని కడిగి, గీతలు మాన్పి, డిజిటల్ ప్రతులు తీసే పనిలో దేశదేశాల్లో పేరు తెచ్చుకుంది. ఆయన తొలి వేషాలకి దక్కని భాగ్యం పరాయివాళ్ళ సినిమాలకైనా దక్కుతోంది.

మొన్న ఆదివారం మేనల్లుడు, చెల్లెలు, బావగారు వచ్చారు. అందరం టీవీ ముందు కూచున్నాం. మీడియా ప్లేయరు మీట నొక్కాడు. పందిరి, సన్నాయి, మంగళస్నానాలు. విడిదినుంచి మొగపెళ్ళివారు వస్తున్నారు. బొమ్మ ఆగలేదు. భోజనాల పందిట్లో, కండువా నడుముకి బిగించి, చేతిలో నేతిగిన్నెతో మా నాన్నగారు వచ్చారు. వీడియో తీసేవాడివైపు చూసి, "నన్నెందుకయ్యా తీస్తావు, అక్కడ పెళ్ళికూతుర్ని పెట్టుకుని! రీలు దండగ," అన్నారు.

"ఆయనకన్నీ దండగే," అంది మా అమ్మ, టీవీ కేసి చూస్తూ. నా కేసి చూడలేదు గాని, మా ఆవిడ చూసింది.

తరువాత అమ్మ మేనల్లుడితో, "ఓమాటు వెనక్కి తిప్పుతావుట్రా?" అంది. ఈ మధ్య ఆవిడకి అడగడం అలవాటయింది.